చచ్చినవి అని రాసిన ఇరవై ఐదు రెబ్బలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, తారీఖు లేని మాట నేను నమ్మనని మీ అందరికీ తెలుసు, అందుకే సాక్ష్యం చెప్పమనగానే నా పాత నోటుపుస్తకం వెంట తెచ్చుకున్నాను, నా చీకటి రోజులు ఇందులో నా చేతిరాతతోనే ఉన్నాయి. చూడండి, అక్షరాలు వణుకుతున్నాయి. అది ముసలితనపు వణుకు కాదు, 1998లో నాకు నలభై ఆరేళ్లే.

అవి పత్తి రోజులు. మూడెకరాల పత్తి, ఎకరం మిరప, వారానికి రెండుసార్లు వీపున స్ప్రేయరు, ఇంటికొచ్చి ఎన్ని బకెట్లు పోసుకున్నా ఆ పురుగుమందు వాసన ఒంటిని వదిలేది కాదు. పక్క చేను సుబ్బారావు, నా ఈడువాడు, ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని "మందు వాసనకి మందే విరుగుడురా దావీదూ" అంటూ సీసా చేతికిచ్చాడు. నవ్వాను, తాగాను. పత్తికి మందు కొట్టిన రోజు మాత్రమే అని ఒక నియమం పెట్టుకుని, దాన్ని తారీఖు వేసి మరీ రాసుకున్నాను. ఏడాది తిరిగేసరికి మందు కొట్టని రోజూ తాగుతున్నాను, రాయడం మాత్రం మానేశాను.

అప్పటికే నేను సంఘపెద్దను, ఆదివారం ఇదే బల్ల దగ్గర నిలబడి లేఖనం చదివేవాణ్ణి. ఆ నోటి వాసన మీకు తెలియకూడదని, వంటింటి దూలానికి వేలాడే కట్టలోంచి ఒక వెల్లుల్లిపాయ తెంపి, పచ్చి రెబ్బలు నమిలి వచ్చేవాణ్ణి. ముందు వరుసలో పెద్దవాళ్లు నవ్వుతున్నారు, అంటే మీకు అప్పుడే తెలుసన్నమాట!

అయితే సహోదరులారా, ఆ కట్ట కూరలోకి దాచింది కాదు, విత్తనం. నా భార్య శాంతమ్మ పుట్టిల్లు వేటపాలెం వైపు, ఇసుక నేల. మా అత్తగారు ఏటా ఒక మడి వెల్లుల్లి వేసి, మంచి పాయలు ఏరి, కాడలు జడలా అల్లి పొయ్యి పొగ తగిలేలా వేలాడదీసేది, ఆమె పోయాక ఆ విత్తనం భూమ్మీద మా ఇంట్లోనే మిగిలింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే తెంపాను. మన వైపు రైతును విత్తనం తిన్నవాడా అంటే అంతకుమించిన తిట్టు లేదు, ఆ తిట్టుకు తగినవాణ్ణి నేను.

1998 నవంబరు 5, గురువారం. పెరట్లో నల్లమట్టిలో ఇసుక, పశువుల ఎరువు కలిపి మడి సిద్ధం చేసి, శాంతమ్మ కట్ట దింపింది. నలభై పాయలు కట్టిన కట్టలో పదకొండే ఉన్నాయి. ఆమె ఆ పదకొండింటినీ ఒళ్లో పెట్టుకుని, "విత్తనం తినేశారండీ" అంది, అంతే. తరువాత రెబ్బలు విడదీసింది, 126 అయ్యాయి. "చివరి రెండు వరుసలూ మీరు నాటండి" అని నలభై నా చేతిలో పోసి, మడి పక్కనే మోకరించి ప్రార్థన చేసింది, ఆ ప్రార్థన నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది:

"ప్రభువా, ఈ రెబ్బ మట్టిలో ఉన్నంతకాలం ఈయన నోరు నీ చేతిలో ఉంచు. జీవితమంతా అడగను, నూట ముప్పై రోజులే అడుగుతున్నాను. తవ్విన రోజు మళ్లీ వచ్చి అడుగుతాను."

వెల్లుల్లి రెబ్బకు మొన పైకి ఉండాలి, వేరు వైపు కిందికి ఉండాలి, చిన్నపిల్లలకైనా తెలిసిన సంగతి. తాగని ఆ ఉదయం నా వేళ్లు ఎంత వణికాయంటే ఏది మొనో ఏది వేరో చూసుకోలేదు, గుంటలో పడేసి మట్టి కప్పాను. తరువాతి నాలుగు రోజులు జ్వరం, చెమటలు, మంచం పట్టుకుని వణుకు. శాంతమ్మ గంజి తాగించి, తల మీద చెయ్యి వేసి ప్రార్థిస్తూనే ఉంది, ఐదో రోజు లేచి కూర్చున్నాను, దేవునికే మహిమ!

నవంబరు 17న మొలకలు లెక్కపెట్టాను. వచ్చినవి 101. రానివి 25, ఆ ఇరవై ఐదూ నా వరుసల్లోవే. పుస్తకం తీసి '25 చచ్చినవి' అని రాసి, కింద గీత గీశాను. గీత గీసిన లెక్క నా దృష్టిలో తీర్పుతో సమానం. నా చెయ్యి పడిన చోట మొలక కూడా రాదనుకుని కండువా భుజాన వేసుకున్నాను, ఎటు బయలుదేరానో శాంతమ్మకు తెలుసు. ఆమె అడ్డు రాలేదు. "పుస్తకంలో రాశారు సరే, నేలని అడిగారా?" అంది.

కాలువ వంతెన దాకా వెళ్లాను. సుబ్బారావు అవతలి గట్టు నుంచి "రారా, పన్నెండు రోజుల ఉపవాసం చాలు!" అని కేక వేశాడు. కానీ నేలని అడగలేదన్న మాట ముల్లులా గుచ్చుతోంది, సరిచూడని లెక్కను వదిలి ముందుకు పోవడం నా వల్ల కాదు, దేవుడు నన్ను నా ఆ బలహీనతతోనే పట్టుకున్నాడు సహోదరులారా! వెనక్కి వచ్చి, మడి దగ్గర కూర్చుని, రాని చోట వేలితో మట్టి తీశాను. రెబ్బ తలకిందులుగా ఉంది. మొన కిందికి ఉంది. ఆ మొనలోంచి తెల్లటి మొలక కిందికి బయలుదేరి, దారి తప్పానని తెలుసుకున్నట్టు వంగి, రెబ్బ చుట్టూ తిరిగి పైకి వస్తోంది, ఇంకా అంగుళం ఎక్కాలి. ఎవరు చెప్పారు దానికి వెలుగు ఎటు ఉందో? మళ్లీ మట్టి కప్పి, ఆ చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చాను. "తండ్రీ, నేనూ తలకిందులుగా పడ్డవాణ్ణే, నన్నూ తిప్పు" అన్నాను. అంతకుముందు ఇదే బల్ల దగ్గర ఎన్నో పెద్ద ప్రార్థనలు చేశాను గాని, నిజంగా చేసింది అదే మొదటిది.

నవంబరు 26కి ఆ ఇరవై ఐదులో 23 పైకి వచ్చాయి, మెడలు వంకరగా. రెండు రాలేదు, ఎందుకో తెలియదు, తెలియనిది చెప్పను. '25 చచ్చినవి' అన్న మాట కొట్టివేశాను. నా పుస్తకాల్లో నేను రాసి కొట్టివేసిన మొదటి లెక్క ఇదే, కావాలంటే ఈ సంఘ కూడిక అయ్యాక వచ్చి చూడండి.

1999 మార్చి 15, నూట ముప్పయ్యో రోజు, ఆకులు పండి వాలాక తవ్వాం. 124 పాయలు. నా వరుసల్లోవి చిన్నవే, మెడ వంకరే, ఘాటు మాత్రం పిసరంతైనా తగ్గలేదు. గడువు అయిపోయిందని సుబ్బారావు కంచె దగ్గరికి వచ్చాడు, పాయలు చూసి, "ఏరా, ఇంక మళ్లీ మొదలేనా?" అన్నాడు. శాంతమ్మ మడి పక్కన మోకరించింది. "ప్రభువా, మళ్లీ వచ్చాను. నాటేదాకా కట్ట దూలానికి ఉంటుంది, అప్పటిదాకా ఈయన నోరు నీ చేతిలోనే ఉంచు" అంది. ఆమె మోకరించిన చోటే నేనూ మోకరించాను. సుబ్బారావు చెప్పులు విడిచి, కంచె అవతలే నిలబడ్డాడు.

అలా నాటినప్పుడొకసారి, తవ్వినప్పుడొకసారి అడుగుతూ ఇది పదో పంట. ఇశ్రాయేలీయులు తాము విడిచి వచ్చిన తెల్లగడ్డలను, అంటే ఈ వెల్లుల్లినే, అరణ్యంలో తలచుకుని ఏడ్చారట, నేను మాత్రం ఆ వంకర మెడల మడిని తలచుకుంటే ఆ పెరడు, ఆ మట్టి వాసన, శాంతమ్మ మోకాళ్లకంటిన ఇసుక మళ్లీ కళ్ల ముందుకొస్తాయి, ఏడుపు వస్తే అది కృతజ్ఞతే. అదిగో, చాప మీద కూర్చుని ఆమె తల అడ్డంగా ఊపుతోంది, నాలుగు కాదు ఐదు రోజులు మంచంలో ఉన్నానట. సరే, ఐదే అని దిద్దుకుంటాను.

తలుపు దగ్గర బుట్టలో విత్తనపు పాయలు ఉన్నాయి, ఇంటికొకటి తీసుకెళ్లండి. వండుకోవద్దు, నాటండి. మీ ఇంట్లో ఎవరినైనా, మిమ్మల్ని మీరే అయినా, చచ్చినవారి లెక్కలో రాసేసి ఉంటే, గీత గీసే ముందు మన ప్రభువు మీద ఆ భారం వేసి ఇంకో తొమ్మిది రోజులు ఆగండి. నాటేటప్పుడు మీ చేతులు వణికినా భయపడకండి, వెలుగు ఎటు ఉందో ఆయన రెబ్బకు ముందే చెప్పి ఉంచాడు. ఆయనకే స్తోత్రం, ఆమేన్.