కుడి చక్రం వెనుక రంగు

మా తమ్ముడికి నాచారం పారిశ్రామికవాడలో చిన్న లేత్ షెడ్డు ఉంది. వారమంతా అక్కడ ఫ్యాక్టరీలకు కావలసిన షాఫ్టులూ బుష్‌లూ తయారయ్యేవి. ఆదివారం మాత్రం మెషిన్లు ఆపేసి ఒకే పని మీద పడేవాడు. అది వాడి డ్రాగ్ కారు. ఎక్కడో తుప్పుపట్టి పడి ఉన్న పాత కారును తెచ్చుకుని, రెండేళ్లు కష్టపడి ఇంజన్ మార్చి, వెనుక సీట్లు పీకేసి, పందేనికి తయారు చేశాడు. పందెం అంటే తిన్నని దారి మీద రెండు కార్లు పక్కపక్కన నిలబడి, నాలుగు వందల మీటర్లు ఎవరు ముందు దాటితే వాళ్లు గెలిచినట్టు. పదిహేను సెకన్లు కూడా పట్టని దానికి రెండేళ్ల కష్టం ఏందిరా అని వాణ్ని ఏడిపించేదాన్ని. ఏడిపిస్తూనే ప్రతి ఆదివారం ఉప్పల్ నుంచి టిఫిన్ కట్టుకుని షెడ్డుకు వెళ్లేదాన్ని.

ఆ కారుకు రంగు వేసింది మేమంతా మామ అని పిలిచే ఒక పెయింటర్. జనగామ వైపు నుంచి ఎప్పుడో యువకుడిగా వచ్చి, నాచారంలోనే ముప్పై ఏళ్లకు పైగా కార్లకు రంగులు వేసిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ. తమ్ముడు నేరేడు పండు రంగు కావాలన్నాడు. డబ్బాల మీద ఉన్న రంగులేవీ మామకు నచ్చలేదు. రింగ్‌రోడ్డు పక్కన బండి మీద అమ్మే నేరేడు పళ్లు ఒక పొట్లం కొనుక్కొచ్చి, ఒకదాన్ని సగానికి కొరికి, తోలు రంగునూ లోపలి రంగునూ ఎండలో పెట్టి చూస్తూ రెండు రోజులు కలిపాడు. చివరికి ఆ కారు నీడలో నల్లగా, ఎండలోకి వస్తే ఊదాగా కనబడేది. దాని మీద వేసిన క్లియర్ కోటింగ్‌లో మొహం చూసుకుని నేను బొట్టు సరిచేసుకున్నాను.

పందేనికి ముందు చక్రాలు వేడెక్కాలి. టైర్ల కింద నీళ్లు పోసి, బ్రేకు నొక్కిపట్టి, వెనుక చక్రాలను ఉన్నచోటే గిర్రున తిప్పుతారు. తెల్లటి పొగ లేస్తుంది. కరిగిన రబ్బరు చిన్న చిన్న ఉండలై చక్రం వెనుక ఉన్న రంగు మీద పడి అతుక్కుంటుంది. ఆ సంగతి మామకు తెలుసు. అందుకే మొదటి పందేనికి వెళ్లే ముందు ఆదివారం నన్ను కారు దగ్గరికి పిలిచాడు. తమ్ముడికి చెప్తే వాడి బుర్ర ఇంజన్ దాటి రాదని ఆయనకు తెలుసు.

“గిది సూడు బిడ్డా,” అంటూ వెనుక చక్రం పక్కన కూర్చున్నాడు. “వ్యాక్స్ నేను మందంగ పట్టిస్త. దాని మీదికెల్లి గిన్నెలు తోమే సబ్బును చిక్కగ కలిపి బ్రష్షుతోని పూయాలె. ఆరినంక తెల్లగ పొరలెక్క ఉంటది. రబ్బర్ వచ్చి దాని మీదనే పడతది. పరుగు అయినంక నీళ్లు కొడితే సబ్బుతోటే పోతది.”

“ఒక్కసారి పూస్తే చాలా మామా?”

“చాలదు. పరుగు పరుగుకు పూయాలె. నీళ్లు కొడితే సబ్బు పోయినట్టే కద.” వేలితో రంగును మెల్లగా తాకాడు. “ఇంకో మాట. రంగు ఏసి పదిహేను దినాలే అయింది. మీదికి ఎండినట్టు కనబడుతది గని లోపల ఇంక పచ్చిగనే ఉంది. నెల దాటేదాంక రుద్దొద్దు, గోరుతోని గీకొద్దు. ఏమన్న అంటుకుంటే గట్లనే ఉంచి నా దగ్గరికి తేండ్రి.”

సరే అన్నాను. నేను హబ్సిగూడ దగ్గర ఒక ల్యాబులో టెక్నీషియన్ని. రసాయనాలతోనే నా పని. సబ్బు పూయడం కూడా ఒక విద్యేనా అని లోలోపల అనుకున్నాను కూడా.

పందెం ఊరికి చాలా దూరంగా, వాడకంలో లేని ఒక రన్‌వే మీద జరిగింది. మామ రాలేకపోయాడు. అదే రోజు ఆయన కూతురి సీమంతం. మొదటి పరుగుకు ముందు ఆయన చెప్పినట్టే రెండు వైపులా సబ్బు పూశాను, ఆరనిచ్చాను. పరుగు అయ్యాక నీళ్లు కొడితే నల్లటి ఉండలన్నీ నురగతో పాటు జారిపోయాయి. నాకే ముచ్చటేసింది.

తమ్ముడు గెలిచాడు. రెండో పరుగుకు పిలుపు వచ్చింది. నేను ఎడమవైపు సబ్బు పూసి కుడివైపుకు వచ్చేసరికి, పక్క కారు వాళ్ల ఆడపిల్లలు సెల్ఫీ దిగుదామని పిలిచారు. వెళ్లాను. నవ్వుకుంటూ, వీడియోలు తీసుకుంటూ ఉండగానే “అక్కా, జరుగు, పోవాలె!” అని తమ్ముడు కేక వేశాడు. కుడివైపు పూయలేదని నాకు తెలుసు. ఆపమని ఒక్క మాట అంటే ఆగేవాడు. ఒక్క పరుగుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

కారు తిరిగి వచ్చాక చూస్తే, కుడి చక్రం వెనుక అరచేయంత మేర రబ్బరు కరిచిపట్టుకుని ఉంది. నీళ్లు కొట్టినా కదల్లేదు. తమ్ముడు స్నేహితులతో పరుగు టైము చూసుకుంటున్నాడు. వాడు చూసేలోపే తీసేయాలని నా కంగారు. అద్దం మీది స్టిక్కర్ల జిగురు తీయడానికి తెచ్చుకున్న ఎసిటోన్ సీసా నా సంచిలో ఉంది. ల్యాబులో రోజూ దానితోనే గాజు సామాను కడుగుతాను. ఎంత మొండి మరకైనా క్షణంలో పోతుంది, ఆనవాలు కూడా మిగలదు. గుడ్డను తడిపి రుద్దాను. రబ్బరు పోయింది. నా పనితనాన్ని నేనే మెచ్చుకున్నాను. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మెరుపు కూడా పోయింది. రంగు పాల మీది మీగడలా ముడతలు పడి లేస్తోంది.

నేను ఆ సీసాను సంచి అడుక్కి తోసేసి, జిప్ లాగేశాను.

మరునాడు షెడ్డులో ఆ ముడతలు చూసి తమ్ముడు నిర్ఘాంతపోయాడు. మామను పిలిపించాడు. నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. ఎందుకు ఉన్నానంటే, నేను లేనప్పుడు నా పేరు వస్తుందేమోనన్న భయం.

“ఏంది మామా ఇది? నెల కాకముందే గిట్ల లేస్తున్నదేంది?” తమ్ముడి గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది.

మామ కింద కూర్చుని చాలాసేపు చూశాడు. బొటనవేలితో నొక్కాడు. వాసన చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“బిడ్డా, ఏమన్న పూసిన్రా దీనికి? థిన్నర్ గిట్ల?”

“లేదు మామా. సబ్బునీళ్లే.”

ఆ రెండు మాటలు ఎంత తేలిగ్గా వచ్చాయో ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. ఆయన మళ్లీ అడగలేదు. నా మాట మీద అనుమానం కూడా పడలేదు. మళ్లీ రంగు వైపు తిరిగి, తనలో తానే లెక్క వేసుకున్నట్టు అన్నాడు.

“కుడిపక్క ఆఖరుకు కొట్టిన. డబ్బాల మిగిలింది సాలకపోతే మళ్లీ కొంచెం కలిపిన. గప్పుడే రంగు గట్టిపడేటందుకు ఏసే హార్డ్‌నర్ తక్కువ పడ్డట్టుంది. నా తప్పే.”

“ముప్పై ఏండ్ల సంది చేస్తున్నవు మామా,” అన్నాడు తమ్ముడు. ఆ ఒక్క మాటతో ఆయన తల వంగిపోయింది.

నాలుగు రోజులు ఒక్కడే వచ్చి ఆ వైపంతా గీకి, నున్నగా అరగదీసి, మళ్లీ వేశాడు. కలిపేటప్పుడు కొలత గ్లాసును వెలుతురుకు ఎత్తిపట్టుకుని మూడుసార్లు చూడటం నేను గమనించాను. నాలుగో రోజు సాయంత్రం నన్ను పిలిచి, “నువ్వు ఒకపారి సూడు బిడ్డా, గీత దాంక వచ్చిందా?” అని అడిగాడు. వచ్చింది మామా అన్నాను. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. తమ్ముడు తిడతాడనుకున్నా, తిట్టి ఊరుకునేవాడు. వాడు నా మీద కోపం పెట్టుకున్నది ఎన్నడూ ఒక పూట దాటలేదు.

ఆ తర్వాత మామ షెడ్డు వైపు రావడం తగ్గింది, క్రమంగా ఆగిపోయింది. తమ్ముడు చక్రాల వెనుక పారదర్శకమైన ఫిల్మ్ అంటించుకున్నాడు. అది నల్లబడితే పీకేసి కొత్తది వేస్తే సరిపోతుంది. సబ్బు పూసే పని నాకు తప్పింది. ఏడాది గడిచాక ఒకరోజు మాటల్లో తమ్ముడు చెప్పాడు: “మామ కార్ల పని బంద్ జేసిండంట అక్కా. స్ప్రే గన్ను కూడ ఎవరికో ఇచ్చేసిండంట. చెంగిచెర్ల దిక్కు గేట్లకు రంగులేస్తుండు.”

ఆ వారం నాకు అన్నం సయించలేదు. ఆదివారం చెంగిచెర్ల వెళ్లి అడుగుతూ పోయాను. కొత్త కాలనీలో, ఇంకా ఎవరూ దిగని ఇంటి ముందు, ముక్కాలి పీట మీద కూర్చుని గేటు ఊచలకు బ్రష్షుతో రంగు వేస్తున్నాడు. కళ్లద్దాలు వచ్చాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“ఏంది బిడ్డా, గింత దూరం వచ్చినవు? తమ్ముడు మంచిగున్నడా?”

నిలబడే చెప్పేశాను. సబ్బు పూయకపోవడం, ఎసిటోన్, సంచి, అబద్ధం, అన్నీ. మధ్యలో ఏడుపు వచ్చింది కానీ ఆపుకున్నాను. ఆయన ముందు ఏడిస్తే ఆయనే నన్ను ఓదార్చవలసి వస్తుంది.

ఆయన బ్రష్షును డబ్బా అంచుకు ఆనించి పెట్టాడు.

“అంటే హార్డ్‌నర్ మంచిగనే పడ్డదన్నట్టు,” అన్నాడు చివరికి.

“మంచిగనే పడింది మామా. నీ తప్పు ఏమీ లేదు.”

“నేను కండ్లు పోయినయనుకున్న. దవాఖానకు పోయి అద్దాలు తెచ్చుకున్న. గయినా గ్లాసు పట్టుకుంటే నమ్మకం రాలె. ఇంకొకల కారు ఖరాబు చేస్తనేమోనని భయం పట్టుకున్నది.” నన్ను తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. “గా దినం ఒక్క మాట అంటే అయిపోతుండె కద బిడ్డా.”

తమ్ముడికి ఆ సాయంత్రమే చెప్పాను. వాడు అప్పటికప్పుడే బండి తీసుకుని చెంగిచెర్ల వెళ్లాడు. మళ్లీ రమ్మని, షెడ్డులో సగం నీకే ఇస్తానని బతిమాలాడట. మామ ఒక ఆదివారం వచ్చాడు. కారు చుట్టూ తిరిగి చూశాడు, బాగుంది అన్నాడు. తమ్ముడు కొత్త స్ప్రే గన్ను చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఉత్త గాలి ఒకసారి వదిలి, బల్ల మీద పెట్టేశాడు.

“చేతులకు గుర్తున్నది. మనసే ఒప్పుతలేదురా,” అన్నాడు.

టీ తాగి వెళ్లిపోయాడు. నేను గ్లాసు అందిస్తే తీసుకున్నాడు, మా ఇంట్లో అందరి మంచీ చెడ్డా అడిగాడు. బిడ్డా అనే పిలిచాడు.

బోడుప్పల్ దాటి అటు వెళ్లినప్పుడల్లా కొత్త ఇళ్ల గేట్లు చూస్తుంటాను. కొన్నిటి మీద బ్రష్షు జాడ ఎక్కడా ఉండదు, అద్దంలా ఉంటాయి. అవి ఆయన వేసినవే అయి ఉంటాయి. ఆ ఇళ్లవాళ్లకు తమ గేటు ఎందుకంత బాగుందో తెలియదు. నాకు తెలుసు. తెలిసి తల దించుకుని ముందుకు పోతాను.