ఫోను లేని సిమ్ము, సిమ్ము మారని ఫోను

ఆ రోజుల్లో మొబైల్ ఫోను తీసుకోవడమంటే పెళ్ళి సంబంధం కుదుర్చుకున్నంత పని. ఫోనుతో కలిపి ఇచ్చే పథకం ఒకటి ఉండేది. ఫోను ఉచితమే గానీ నెలవారీ అద్దె ఎక్కువ, రెండేళ్ళు వదిలించుకోలేం, వేరే సిమ్ము వేస్తే ఆ ఫోను పలకదు. రెండోది వట్టి సిమ్ము. అద్దె చౌక, ఫోను సంగతి మాత్రం ఎవరి తంటాలు వాళ్ళవి. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా ఇల్లు దీని మీదే రెండుగా చీలిపోయింది. వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న మా నాన్న మొదటిది తీసుకున్నారు. అదే వీధిలో ఉండే మావయ్య (అమ్మకి తమ్ముడు, రైల్వే ఆఫీసులో గుమాస్తా) రెండోది తీసుకున్నాడు. తీసుకున్నాడు గానీ ఫోను కొనలేదు. ధరలు దిగుతాయని ఎదురుచూస్తూ, ఆ సిమ్మును కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు.

"ఏటి బావా, ఫ్రీ అనగానే నమ్మేసినావా? ఆ ఫోను కరీదంతా నెలనెలా బిల్లులో లాగేస్తన్నాడు, సూసుకో," అనేవాడు మావయ్య.

"నా కాడ ఫోనైనా ఉందిరా. నువ్వు సిమ్ము సెవిలో ఎట్టుకుని మాటాడతావేటి?" అనేవారు నాన్న.

మావయ్యకి ఆ బెంగేమీ లేదు. ఎవరింట్లో ఫోనుంటే వాళ్ళింటికి వెళ్ళి, "ఓపాలి మీ ఫోనియ్యండి, నా సిమ్ము ఏసుకుంటాను," అని నాలుగు మాటలు మాట్లాడి, వాళ్ళిచ్చిన టీ కూడా తాగి వచ్చేవాడు. ఇంట్లో ఈ ఇద్దరికీ మధ్య కూర్చుని, ఏ పథకంలో ఏం లాభమో విడమరిచి చెప్పి రాజీ చేసే పని నాది.

నాన్నకి నేను రైల్వే పరీక్ష రాయాలని కోరిక. నేనేమో ఆయనకి తెలియకుండా బజారులో కొత్తగా తెరిచిన ఫోన్ల దుకాణంలో ఉద్యోగం అడిగి వచ్చాను. "నా నంబరిచ్చీరా, బావకి తెలీదు," అన్నాడు మావయ్య. ఇచ్చేశాను. (ఫోను లేని మనిషి నంబరు ఇస్తున్నానని తట్టనే లేదు. డిగ్రీ చదివాను మరి!) రేపు సాయంత్రంలోగా కబురు చేస్తాననీ, ఫోనులో దొరక్కపోతే ఇంకొకరిని పెట్టుకుంటాననీ దుకాణం యజమాని (అందరూ దాదా అనేవారు) చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ సంగతి తట్టి మావయ్య ఆఫీసుకి పరుగెత్తాను. ఆయన జేబు తడుముకుని తెల్లబోయాడు. "ఓరి నాయనో! పొద్దున్న సుభాష్‌పల్లి దీదీ ఫోనులో ఏసినాను. తియ్యడం మరిసిపోయినాను!"

సైకిలెక్కాను. సుభాష్‌పల్లి ఎలా చేరానో నాకే తెలియదు. చేరేసరికి వరండాలో దీదీ (మావయ్య ఫోను అడిగి, టీ తాగి, మా ఇంటి గొడవలన్నీ చెప్పుకొచ్చే బెంగాలీ ఆవిడ) ఫోను చెవికి ఆనించుకుని పగలబడి నవ్వుతోంది. నన్ను చూసి కూర్చోమని సైగ చేసి, బెంగాలీలో తన ధోరణిలో తాను పోతోంది. ఈ కుర్రాడి మావయ్యకి సిమ్ముంది, ఫోను లేదు. తండ్రికి ఫోనుంది, వేరే సిమ్ము వేస్తే పలకదు. వాళ్ళిద్దరూ కొట్టుకోకుండా ఈ కుర్రాడే రోజూ అన్నీ విడమరిచి చెబుతుంటాడు, "ఖూబ్ భాలో ఛేలే!" చాలా మంచి పిల్లాడట. అవతల ఉన్నది దుకాణం దాదాయేనని అప్పుడర్థమైంది. నా ఉద్యోగం కాస్తా మా ఇంటి రామాయణంలో కొట్టుకుపోయిందనుకున్నాను.

దీదీ ఫోను పెట్టేసి, "రేపే రమ్మన్నాడు. అలాంటి ఇంట్లో నెగ్గుకొచ్చినవాడు ఏ గిరాకీనైనా ఒప్పిస్తాడట," అంది. తర్వాత తన సిమ్ము కోసం వెతుక్కుంది. పాపం, వాళ్ళాయన పొద్దుటి నుంచీ ఇంటికి ఫోను చేస్తూనే ఉన్నాడట.

ఆ సాయంత్రం నాన్నకి చెప్పక తప్పలేదు. "పరీచ్చ కూడా రాయి," అని మాత్రం అన్నారు. మర్నాడు నేను కౌంటరు దగ్గర నిలబడ్డానో లేదో, డ్యూటీ దిగి నాన్న వచ్చారు, వెనకాలే మావయ్య. "ఇప్పుడు నువ్వు కంపినీ మడిసివి. నిజం సెప్పు, ఎవుడిది లాబం?" అన్నారు నాన్న. చేతిలో డబ్బు లేనివాడికి ఫోనుతో కలిపి తీసుకోవడం మేలు, ముందే ఫోనున్నవాడికి వట్టి సిమ్ము చౌక అన్నాను. "విన్నావేటి?" అని ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు అడిగారు. ఇద్దరూ గెలిచి, ఒకే రిక్షాలో ఇంటికెళ్ళారు. పరీక్షా రాశాను. రైల్వే నన్ను కోరుకోలేదు, నేనూ పెద్దగా బాధపడలేదు.

ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. ఫోనుతో కావాలా, వట్టి సిమ్మా అని దుకాణానికొచ్చే పిల్లల్ని అడిగితే, అంతా ఆన్‌లైన్‌లో చూసేశాం అంకుల్, ఫోను మీద గాజు అతికించండి చాలు అంటారు. అతికిస్తాను. మధ్యలో నా ఫోను మోగుతుంది. పేరు చూసి, తర్వాత మాట్లాడదాంలే అని బోర్లా పెట్టేస్తాను. పెట్టాక మాత్రం, ఒక్క ఫోను కాల్ కోసం ఆయాసపడుతూ పరుగెత్తిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, నవ్వుకుంటూ ఫోను మళ్ళీ తిప్పి చూసుకుంటాను.