ఒక్కసారే చెప్పే మనిషి

పొద్దున్నే వంటింట్లోకి అడుగుపెట్టగానే తడిగుడ్డలో మూటగట్టిన పెసల మొలకల వాసన, పచ్చిపచ్చిగా, కాస్త పులుపెక్కినట్టు ముక్కుకు తగులుతుంది. వెంటనే కారంపూడి దగ్గర మా ఊరు, మా సరోజత్త, ఆమె మొహాన ఎప్పుడూ ఉండే ఆ అపనమ్మకం గుర్తొస్తాయి.

సరోజత్త నాన్నకు అక్క. మొగుడితో పొసగక వచ్చేసి, తన వాటా రెండెకరాలు తనే చేయించుకుంటూ, మా ఇంట్లోనే పడమటి గదిలో వేరే పొయ్యి పెట్టుకుంది. పొట్లం కట్టొచ్చిన పేపరు ముక్కయినా వదలకుండా చదివేది, పాలలో వేలు ముంచి చూసేది, గానుగ నూనె అరచేతికి రాసుకుని వాసన చూసేది, ఏరువాక పున్నమికి అమ్మ పంపిన బూరెను సైతం విరిచి లోపలి పూర్ణం చూశాకే నోట్లో పెట్టుకునేది. ఊళ్లో ప్రతి గడపా ఏదో ఒక పార్టీదైతే ఆమె ఓటు ఎవరికో ఆమెకే ఎరుక. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకమని ఊరు నవ్వేది. నాకు మాత్రం అత్తంటే పిచ్చి. నా ఈడు పిల్లలు అరుగుల మీద అచ్చంగాయలాడుతుంటే నేను ఆమె కొంగు పట్టుకుని తిరిగేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, తొలకరికి ముందు, నాన్న తిరిగే పార్టీ పెద్దమనిషి ఊరందరికీ పత్తి విత్తనాలు తెప్పించాడు. గింజను అనుమానిస్తే ఆయన్ని అనుమానించినట్టే, అందుకే ఎవరూ సంచి మూతి విప్పలేదు. అత్త విప్పింది. వంద గింజలు తీసి, తడిపిన గోనెపట్టా మీద నాచేత పదేసి చొప్పున వరసలు పేర్పించి, చుట్టి, నీళ్లకుండల పక్కన నీడలో పెట్టింది. అయిదో రోజు విప్పి నన్నే లెక్కపెట్టమంది. ముప్పై ఏడు మొలిచాయి. మళ్లీ లెక్కపెట్టినా అంతే.

అత్త నాన్న దగ్గరికెళ్లి, ఆ గింజ పనికిరాదు, మార్చుకోమంది. నీకు దేవుడి మీదే నమ్మకం లేదుగదా అక్కా అని నాన్న నవ్వాడు. అత్త బస్సెక్కి నరసరావుపేట పోయి తన రెండెకరాలకు వేరే విత్తనం తెచ్చుకుంది. తర్వాత వాన పడింది, నల్లరేగడి కమ్మగా వాసనేసింది, నాన్న చాళ్లకు గీతలు పడేలా అచ్చు తోలించాడు, కూలి ఆడవాళ్లు వరసగా వంగి నవ్వుకుంటూ గింజలు పెట్టారు. అత్త తన గట్టు మీద నిలబడి సాయంత్రం దాకా చూసింది గానీ నోరు విప్పలేదు.

పదిరోజులకు ఆమె చేను చాళ్లు చాళ్లుగా లేచింది. మా ఐదెకరాల్లో మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. మళ్లీ విత్తుదామంటే వాన మొహం చాటేసింది. ఆ ఏడు మాకు పంట లేదు, పాలిచ్చే గేదె అప్పుల కింద పోయింది, దాన్ని తోలుకుపోతుంటే అమ్మ గాటి దగ్గర కూలబడి ఏడ్చింది.

ఆ రోజే నాన్న పడమటి గది గుమ్మంలో నిలబడ్డాడు.

“తెలిసి కూడా ఊరుకున్నావేంది అక్కా?”

“ఊరుకోలా. చెప్పా.”

“ఒక్కసారి చెప్పావు. నేను పరాయోణ్ణా? చొక్కా పట్టుకుని చెప్పాల్సింది.”

“వినేవాడికి ఒక్కసారి చాలు” అని అత్త తలుపేసుకుంది.

ఆ తర్వాత ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ ఏ మాటైనా నాచేతే చెప్పించుకున్నారు, నాన్న పోయేదాకా.

ఇప్పుడు అత్తా లేదు. ఆమె రెండెకరాలు ప్లాట్లయ్యాయి. రంగు పూసిన గింజలు డబ్బాల్లో వస్తున్నాయి, గోనెపట్టా తడిపేవాళ్లు మా ఊళ్లో లేరు. మొన్న మా అమ్మాయి ఫోన్‌లో చూస్తూ, మనిషి స్వభావం చెబుతుందంటూ ఏవో ప్రశ్నలడిగి, నువ్వు మేధావి రకమమ్మా, ఎవరిమీదా ఆధారపడవు, సొంతంగా ఆలోచిస్తావని బలాలన్నీ చదివింది. బలహీనతల దగ్గరికొచ్చేసరికి టీ పెడతానని లేచింది. అవి నాకు చదివి వినిపించక్కర్లేదు. తమ్ముడి మీద ప్రేమ లేక కాదు, తన లెక్క నిజమవుతుందో లేదో చూద్దామన్న ఆశే అత్త నోరు నొక్కిందేమోనని నాకు నలభై ఏళ్లుగా అనుమానం. ఎవరితోనూ అనలేదు. ఆ మొలకలు లెక్కపెట్టింది నేను. విత్తే దాకా రాత్రులన్నీ నాన్న పక్కనే పడుకున్నాను. నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.