ఒకే గౌనులో ఇద్దరు దొరసానులు

వాటర్‌ఫోర్డ్‌లో ఉదయం ఏడింటి రైలు ఎక్కాను. మధ్యాహ్నం రెండింటికి డబ్లిన్‌లో ఇంటర్వ్యూ. వీసా గడువు దగ్గరపడింది. ఈ ఉద్యోగం రాకపోతే తెనాలికి తిరుగుటపా కట్టాల్సిందే. ఒంటిమీద నల్ల కోటు. మేం అద్దెకుంటున్న ఇంట్లో నలుగురు అమ్మాయిలకీ కలిపి ఉన్నది ఆ ఒక్క కోటే. ఎవరికి ఇంటర్వ్యూ ఉంటే ఆ రోజు వాళ్లది. నాకేమో భుజాల దగ్గర వదులు. పోయిన రెండు ఇంటర్వ్యూల్లోనూ నా ధ్యాసంతా దాని మీదే, ఎవరిదో దొంగిలించి తొడుక్కున్నట్టు.

ఎదురు సీట్లో పెద్దావిడ తన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. "భుజాలు అలా సర్దుకోకమ్మా, గ్రాండ్‌గా ఉన్నావు," అంది. అంటే సర్దుకోవడం అందరికీ కనిపిస్తోందన్నమాట! ఏడుపొచ్చినంత పనైంది.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్లో దిగి, లువాస్ ట్రామ్ ఎక్కి ఊరి నడిబొడ్డుకు వెళ్లి, అక్కణ్ణించి వానలో నడిచి పెద్ద చిత్రశాలకి చేరాను. మీరూ వెళ్తే పనికొస్తుంది: టికెట్ లేదు, సంచి లాకర్లో పెట్టుకోవచ్చు. నేను వెళ్లింది కళ మీద ప్రేమతో కాదు, ఇంటర్వ్యూ దాకా వెచ్చగా కూర్చోవడానికి.

పద్దెనిమిదో శతాబ్దపు జార్జి రాజుల కాలం గదిలో గోడల నిండా దొరలూ దొరసానులూ. ఆ రోజుల్లో కలవారికి ఇలా బొమ్మ వేయించుకోవడమే హోదా. మెడలు ఎంత నిటారుగా ఉన్నాయో! వెనక రాతి స్తంభం, కాళ్ల దగ్గర కుక్క, మోచేతుల దగ్గర లేసు. వీళ్ల ముందు నా కోటు ఏపాటిది అని నీరసపడ్డాను. అంతలో ఒకటి కంటబడింది. పక్కపక్కనే ఉన్న ఇద్దరు దొరసానులది ఒకటే నీలం పట్టు గౌను. మడతలు కూడా అవే.

అటుగా వచ్చిన గైడుని అడిగాను. "భలే పట్టావు," అని నవ్విందావిడ. "గౌను చిత్రకారుడిదే అయ్యుంటుంది. వాళ్లు వచ్చి కూర్చునేది ముఖం కోసమే. తర్వాత కొయ్యబొమ్మకి గౌను తొడిగి, మిగతాది సహాయకులు వేసేవారు. ఆ స్తంభం కూడా వాళ్లింటిది కాదు."

నాకు నవ్వాగలేదు. అచ్చం మా ఇంటి పద్ధతే! నలుగురం ఆ ఒక్క కోటులోనే ఉద్యోగాల ఫోటోలు దిగినవాళ్లం. మళ్లీ ఆ ముఖాలు చూశాను. ఒకామె గడుసుది. ఇంకొకామెకి లోకమంటేనే విసుగు. గౌను ఒకటే గానీ ఎవరి చూపు వాళ్లదే. మనసు తేలికపడింది.

బయట చూరు కింద నిలబడి, తెచ్చుకున్న పులిహోర తిని ఇంటర్వ్యూకి వెళ్లాను. ప్రాజెక్టు గురించి అడిగారు. ఇదివరకైతే ఒక సీనియర్ అక్క నేర్పిన జవాబు అప్పజెప్పేదాన్ని. ఈసారి ఆ ప్రాజెక్టు ఎక్కడ చెడిందో, ఎలా నిలబెట్టానో నా మాటల్లోనే చెప్పాను. ఎదుటి ఇద్దరూ ముందుకు వంగి విన్నారు. భుజాల సంగతి గుర్తే రాలేదు.

సాయంత్రం తిరుగు రైల్లో ఉండగా మెయిల్ వచ్చింది: వచ్చే గురువారం రెండో విడత. ఇంటికి ఫోన్ చేస్తే మా వరంగల్ లావణ్య కేక పెట్టింది. వెంటనే గొంతు తగ్గించింది.

"అయ్యో, గురువారం నాకు గూడ ఇంటర్వ్యూ ఉన్నదే. కోటు ఎట్లనే మరి? పోనీ, నువ్వే ఏస్కపో."

"నువ్వే వేసుకోవే. నేను స్వెటర్‌తో వెళ్తా," అన్నాను.

అన్నాక చూసుకుంటే, నిజంగానే భయం లేదు.