మూడో చరణం దగ్గర మా డేరా ఆగేది

మా చిన్నప్పటి డోర్నకల్‌లో ఒక సినిమా పాట మధ్యలో ఆగేది... కరెంటు పోయి కాదు. ఆపరేటరే మిషన్ ఆపి, బయటికొచ్చి బీడీ ముట్టించుకునేవాడు. పాట మేం పూర్తి చేశాక లోపలికి పోయి మళ్లీ నడిపేవాడు.

మొదట్నుంచి చెప్తాను. రైలు పట్టాలకు దగ్గర్లో డేరా టాకీసు ఉండేది. బొగ్గు గూడ్సు పోతే తెర ఊగేది, మాటలన్నీ ఇంజను కూతలో కలిసిపోయేవి. అందుకే మా ఊళ్లో చాలామందికి ఏ సినిమాలోనూ హీరో ఎవరి కొడుకో చివరిదాకా తెలిసేది కాదు... సరే, అది వేరే కథ.

ఆ ఏడు మిరప కోతల కాలంలో ఒక పాటల సినిమా వచ్చింది. పేరు చెప్పను, చెబితే కామెంట్లలో కొట్లాట మొదలవుతుంది. చెరసాలలో ఉన్న రాకుమారి చిలుకతో కబురు పంపుతూ పాడే పాట ఒకటుంది అందులో. మా దాకా వచ్చేసరికి ఆ రీలు ఎన్ని ఊళ్లు తిరిగిందో... మూడో చరణం ఉన్న ముక్క తెగిపోయింది. రెండో చరణం కాగానే రాకుమారి మాయమై కోట బురుజు కనిపించేది.

మా యాకమ్మక్కకు అది నచ్చలేదు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది, మిరప ఏరబోయేది, బడి మొహం చూడలేదు. డేరా గేటు దగ్గర అమ్మే పాటల పుస్తకం కొనుక్కొచ్చి నా ముందు పెట్టింది.

"సదువురా తమ్మీ. గా పిల్ల చిలుకకు ఇంకేం జెప్పిందో జూద్దాం."

నేను నాలుగో తరగతి. కూడబలుక్కుంటూ చదువుతుంటే అక్క ఒక్కో మాటకు వరస కట్టుకుంటూ పోయింది. చివరి పాదంలో మూరెడు పొడుగు మాట ఒకటి అడ్డొచ్చింది. ఆగిపోయాను.

"ఏమాయెరా, ఆగినవ్?"

"పెద్ద మాటున్నదే అక్కా."

"ఆగితే ఆగినవ్ తియ్. గా ఆగుడే మంచిగుంది. ఆ పిల్లకు ఏడుపొచ్చినట్టున్నది."

అట్లా నా రాని చదువు రాకుమారి దుఃఖమైపోయింది.

మర్నాడు మొదటి ఆటలో బొమ్మ బురుజు మీదికి దూకగానే, ఆడవాళ్ల వైపు నుంచి అక్క ఒక్కతే మూడో చరణం ఎత్తుకుంది. ఆ తర్వాతి రోజు ఆడవాళ్లంతా అందుకున్నారు. మూడోనాటికి ఇసుకలో కూర్చునే నేల టికెట్టు జనమంతా పాడుతున్నారు, ఆపరేటర్‌కు బీడీ కాల్చుకునే తీరిక దొరికింది. పెద్ద మాట దగ్గర డేరా అంతా ఆగేది. అప్పుడు ఆ మాట నేనొక్కణ్నే అనాలి... అది అక్క నాకు అప్పజెప్పిన పని. నేనన్నాకే మిగతావాళ్లు ముందుకు పోయేవాళ్లు.

కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన రైల్వే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఒకరోజు లేచి, "అదేంటండీ, ఆ చరణం అలా ఉండదు. నేను బెజవాడలో చూశాను, వరస వేరు" అన్నాడు.

"మీ బెజవాడల గట్లనే పాడుకోండ్రి సారూ. గిది మా డేరా" అంది అక్క. జనం ఒకటే నవ్వు. ఆయన కూర్చున్నాడు. ఆయన మాట మేమెవరమూ నమ్మలేదు.

తర్వాత రేడియోలో ఆ పాట వచ్చినా రెండు చరణాలే వచ్చేది. ఇప్పుడు ఫోన్లో మొత్తం దొరుకుతుందట. నేను వెతకలేదు... నాకు తెలిసిన పాటే కదా.

అక్కను గార్ల ఊరికి ఇచ్చారు. నేనెప్పుడు పోయినా పొయ్యి ముందు కూర్చుని ఆ చరణం ఎత్తుకునేది. ఆ మాట దగ్గర ఆగి నా మొహం చూసేది. నేను అందించాలి. మనవలు పుట్టాక కూడా అంతే.

రెండేళ్ల కింద అక్క పోయింది. అందించే పని కూడా పోయింది.

మొన్న మానుకోటలో ఒక ఫంక్షన్ హాల్లో ఆ సినిమానే కచేరీగా పెట్టారు. తెర మీద బొమ్మ నడుస్తుంటే కింద వాద్యాల వాళ్లు వాయించడం, గాయకులు అక్కడికక్కడే పాడటం. చిలుక పాట మూడు చరణాలూ పాడతారని కరపత్రంలో ఉంది. బస్సెక్కి పోయాను. మా డేరా మనుషులు ఒక్కరైనా రాకపోతారా... ఆ మాట దగ్గర నాతోపాటు ఆగేవాళ్లు ఒక్కరు చాలు అనుకున్నాను.

హాలు నిండింది. జనం మహా బుద్ధిమంతులు. ఎక్కడ కొట్టాలో అక్కడ చప్పట్లు కొట్టారు. అందరి చేతుల్లో ఫోన్లు. ముందు వరుసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు... ఏడ్చాడో, నిద్ర లేచాడో. వన్స్‌మోర్ అన్నవాళ్లు లేరు. గొంతు కలిపినవాళ్లు అసలే లేరు.

మూడో చరణం వచ్చింది. నేనెప్పుడు అందుకున్నానో నాకే తెలియదు. మొదటి పాదానికే ఆ గాయని ఒక దారిన, నేనొక దారిన. వరస వేరు... గుమాస్తా అబద్ధమాడలేదు. ఆయన మాట రుజువు కావడానికి అరవై ఏళ్లు పట్టింది. పెద్ద మాట దగ్గర నేను ఆగాను. ఆమె దాని మీదుగా నీళ్లలా జారిపోయింది. హాల్లో ఎవరూ ఆగలేదు.

పక్క కుర్చీ అమ్మాయి నా వైపు వంగింది. "తాతా, జర పాడకుండ్రి. వీడియోల మీ గొంతు పడుతున్నది."

అయిపోయి జనం లేస్తుంటే ఆ అమ్మాయినే అడిగాను. "బిడ్డా, నా గొంతు పడ్డ వీడియో జర నాకు పంపుతవా?"

"అయ్యో, గది తీసేసిన తాతా. మీది తప్పు వోయింది గదా. పక్కోళ్లు తీసిన వీడియో మంచిగొచ్చింది, గది పంపాల్నా?"

"వద్దు బిడ్డా" అన్నాను.

తప్పే. కానీ ఒకప్పుడు డేరా నిండా జనం కలిసి పాడిన తప్పు అది. ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే మిగిలింది.

డోర్నకల్ డేరాలో ఆ ఇసుక మీద కూర్చున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే... పాటంతా అక్కర్లేదు. మనం ఏ మాట దగ్గర ఆగేవాళ్లమో, ఆ ఒక్క మాట కింద రాయండి. నేను ఇంకా అక్కడే ఆగి ఉన్నాను.