నా ఖాతాలో పడ్డ అడ్మిషన్

మా కాలేజీలో ఎండాకాలం సెలవులు పిల్లలకే, మాకు కాదు. పరీక్షలు అయిపోగానే ప్రిన్సిపాల్ మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టి మండలాలు పంచుతాడు. ఒకరికి చాపాడు, ఒకరికి చక్రాయపేట, ఒకరికి లింగాల. ఇంటర్ రాసిన పిల్లల ఇళ్లకు పోయి, తల్లిదండ్రులను ఒప్పించి, మా దగ్గర ఇంజనీరింగులో చేర్పించాలి. మనిషికి ఇంతమంది అని టార్గెట్. వాళ్లు చేరేదాకా మా ఎండాకాలపు జీతాలు రావు. ఆపేశామని మాత్రం ఎవరూ అనరు, "ప్రాసెస్‌లో ఉంది మేడం" అంటారు. పేరుకు నేను ప్రొద్దుటూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కల అసిస్టెంట్ ప్రొఫెసర్ని. మే నెల వచ్చిందంటే చీరల మూట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగే ఆమెకూ నాకూ పెద్ద తేడా ఉండదు. ఆమె కనీసం చీర మడత విప్పి చూపిస్తుంది. నా సంచిలో ఉండేవి రంగురంగుల పాంప్లెట్లు.

ఇన్నేళ్లూ ఆ పని తిట్టుకుంటూనే చేశాను. నాకు నోటి దురుసు ఎక్కువ. మా అత్తగారూ నేనూ ఒప్పుకునే ఒకే ఒక్క సంగతి అది. కానీ ఇంటి అద్దె, పాప స్కూలు ఫీజు నోటి దురుసుతో తీరవు కదా. అందుకని మే నెలలో నోరు కట్టేసుకుని, నవ్వుమొహం పెట్టుకుని తిరిగేదాన్ని.

పోయిన ఏడాది ఊళ్లమీద పడే ముందు, ప్రొద్దుటూరు బజారులో ఒక బట్టల అంగడికి పోయాను. బిల్లు కొట్టే అమ్మాయి తలెత్తి "మేడం, బాగుండారా?" అంది. చూస్తే మా దగ్గర ఈసీఈ చదివిన పిల్ల. ఆ బ్యాచ్‌లో లెక్కల్లో ఫస్టు. బోర్డు మీద నేను సుద్దముక్కతో సగం రాసేలోపే జవాబు చెప్పేసేది. ఇక్కడ ఏం చేస్తున్నావని అడగబోయి ఆగిపోయాను. అడిగేదేముంది, కళ్లెదురుగా కనపడుతూనే ఉంది.

అంగడి యజమాని మాత్రం ఉషారుగా ఉన్నాడు. "ఈ పాప బీటెక్కు మేడం. ఆడ చీరలు మడతపెడ్తాందే, ఆ పాప ఇంటర్ తప్పింది. ఇద్దరికీ ఒకటే జీతం ఇస్తాండా. నిజం జెప్పాలంటే ఆ పాపే కొంచెం చురుకు" అన్నాడు. మా పిల్ల తల వంచుకుని నవ్వి, నా చీరకు నేను అడక్కుండానే డిస్కౌంటు వేసింది. ఆ చీర నేను ఇంతవరకూ కట్టలేదు. బీరువా తలుపు తీస్తే అదే ముందు కనపడుతుంది.

ఆ వారమే జమ్మలమడుగులో మా మరిది ఇంటికి పోవాల్సి వచ్చింది. అతను ఆ పక్క సోలార్ ప్లాంట్లకు మనుషులను పెట్టే కాంట్రాక్టరు. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు అడిగాను, మా పిల్లలకు ఏమైనా పని ఉందా అని. ముద్ద నోట్లో పెట్టుకోకుండానే మొదలుపెట్టాడు.

"యాడి పని వదినా! బీటెక్కోళ్లు ఫైళ్లు చంకలో పెట్టుకోని వస్తానే ఉండారు. నాకు కావల్సింది ఐటీఐ ఎలక్ట్రీషియన్లు. వాళ్లే దొరకరు. బోర్డు విప్పి వైరింగు చూసేటోడికి అడిగినంత ఇస్తా. ఈ బీటెక్కోళ్లకు ఏం పనియ్యాల? టెస్టరు పట్టుకోమంటే బిత్తరపోతాండారు."

"మరి జీతం?"

"ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చేదాంట్లో సగమిస్తామన్నా వస్తాండారు వదినా. అదే శానా బాధ" అని, పెరుగు వేసుకున్నాడు.

ఇదంతా తెలిసీ, మే నెలలో సంచి తగిలించుకుని లింగాల బయల్దేరాను. కారు మా మెకానికల్ సారుది. పులివెందుల దాటాక ఆయన నా మొహం చూసి, "మేడం, మీరు అతిగా ఆలోచిస్తాండారు. వాళ్లు ఎట్లాగూ యాడో ఒక కాలేజీలో చేరేటోళ్లే. మన దాంట్లో చేరితే తప్పేంది?" అన్నాడు. తప్పేమిటో చెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి గానీ, కారు ఆయనది, ఎండ మండిపోతోంది. కిటికీలోంచి అరటి తోటలు చూస్తూ కూర్చున్నాను.

లింగాల అవతల ఒక గొర్లకాపరి ఇంటికి పోయాం. ఇంటి పక్కనే ముళ్లకంప కట్టిన గొర్రెల దొడ్డి. ఇంటాయన మాకు మంచం వాల్చి, మజ్జిగ తెప్పించి, తాను గడప మీద కూర్చున్నాడు. కూతురు ఇంటర్ ఎంపీసీ పాసయింది. వాకిట్లో నిలబడి మమ్మల్ని కొలిచినట్టు చూస్తోంది. మెకానికల్ సారు ల్యాబులూ బస్సులూ హాస్టలూ అన్నీ వరసపెట్టి చెప్పాడు. ఫీజు ప్రభుత్వమే ఇస్తుందన్నాడు. హాస్టలు, బస్సు, ఇంకా నానా రకాల ఫీజులు మాత్రం వీళ్లే కట్టుకోవాలని చెప్పలేదు.

ఆ పిల్ల అంతా విని ఒకటే అడిగింది. "సార్, మీ కాడ సదివినోళ్లు ఇప్పుడు యాడ పని చేస్తాండారు?"

"బెంగుళూరు, హైదరాబాదు, చెన్నై..."

"మన పక్క ఎవురూ లేరా సార్? నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేరాలనుకుంటాండా. మా చిన్నాయన కొడుకు అది చేసి జమ్మలమడుగు కాడ పనిలో ఉండాడు."

"ఆడబిడ్డ కరెంటు పనికి పోయేదేందమ్మా!" అని మా సారు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. నెల పొడుగునా కట్టేసుకున్న నోరు అక్కడ ఊడింది.

"ఉందమ్మా, మన పక్క ఒకామె ఉంది. మా కాలేజీలో లెక్కల్లో ఫస్టు వచ్చిన పిల్ల. ప్రొద్దుటూరులో బట్టలంగట్లో బిల్లు కొడుతోంది. ఇంటర్ తప్పిన పిల్లకు ఎంత ఇస్తారో ఈమెకూ అంతే. చూడప్పా," అని తండ్రి వైపు తిరిగాను, "మా దగ్గర మంచి ల్యాబు లేదు. సగం మంది లెక్చరర్లు ఏడాది తిరక్కుండానే వెళ్లిపోతారు. మీ పాప చెప్పిన ఐటీఐకి ఈ చుట్టుపక్కల పని ఉంది. అది నాకు తెలిసిన సంగతి."

మెకానికల్ సారు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు నన్నే చూస్తున్నాడు. గొర్లకాపరి నా మొహంలోకి తేరిపార చూశాడు. పిల్ల కళ్లు మాత్రం మెరిశాయి.

ఇక ఒక్క మాట మిగిలింది. "మా కాలేజీలో చేర్చొద్దు." అది నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే జీతం గుర్తొచ్చింది, పాప స్కూలు గుర్తొచ్చింది. "ఆలోచించుకోండి, మీ ఇష్టం" అని లేచాను. లేస్తూ లేస్తూ, అలవాటు చొప్పున, వెనకాల నా పేరూ ఫోన్ నంబరూ రాసిన పాంప్లెట్ మంచం మీద పెట్టి వచ్చాను. ఏ దయ్యం పెట్టించిందో నా చేత.

"పెట్రోలు దండగ" అని మెకానికల్ సారు పులివెందుల వచ్చేదాకా సణుగుతూనే ఉన్నాడు. నాకేమీ పట్టలేదు. చాలా ఏళ్ల తర్వాత కడుపులో చల్లగా ఉంది. ఒక్క పిల్లనైనా కాపాడాననుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయనతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కౌన్సెలింగ్ అయ్యాక ఆఫీసు నుంచి ఫోన్. "మేడం, లింగాల అడ్మిషన్ ఒకటి మీ పేరు చెప్పి వచ్చింది. మీ టార్గెట్ అయిపోయింది. జీతం వేస్తాండారు." లింగాలలో చాలా ఇళ్లు తిరిగాం కదా, వాటిలో ఏదో అనుకున్నాను. ఎవరని కూడా అడగలేదు. డబ్బు పడగానే పాప ఫీజు కట్టి, ఇంట్లో అందరికీ బిర్యానీ తెప్పించాను. ఆ బిర్యానీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఫస్టియర్ మొదటి క్లాసు. హాజరు పిలుస్తూ తలెత్తితే ముందు బెంచీలో ఆ గొర్లకాపరి కూతురు. ఆ గంట ఏం చెప్పానో నాకే తెలియదు. బెల్లు కొట్టగానే బయటికి పిలిచాను. "నువ్విక్కడేంది తల్లీ?" అన్నాను.

"నాయన చేర్చినాడు మేడం. ఆప్షన్లు పెట్టేటప్పుడు మన కాలేజీనే ముందు పెట్టమన్నాడు" అంది. కళ్లలో ఆ రోజు చూసిన మెరుపు లేదు. కోపం కూడా లేదు. కోపంగా ఉండుంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

తండ్రి హాస్టలు ముందర ట్రంకుపెట్టె దించుతున్నాడు. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు. ఏమప్పా ఇలా చేశావు, ఆ రోజు అంత చెప్పాను కదా అంటే, ఆయన నిదానంగా చెప్పాడు.

"మీ వెనక ఇంగా శానా మంది వచ్చినారమ్మా. అందరూ మా కాలేజీ బంగారం అన్నోళ్లే. మేము సంతలో పొట్టేలు కొనేటప్పుడు ఏం చేస్తామో తెలుసునా? ఇది కొంచెం కుంటుతాది, పన్ను కదిలింది అని తనంతట తానే చెప్పేటోడి కాడనే కొంటాం. మచ్చ దాపెట్టేటోడి జోలికి పోము. సొంత కాలేజీకి ఉండే మచ్చలన్నీ మీరే చెప్తిరి. అట్లాంటి మేడం ఉండే చోట నా బిడ్డకు అన్యాయం జరగదని మీ చేతుల్లో పెడ్తాండా."

"గొర్లు?" అన్నాను.

"సగం సంతకు తోలేసినా. హాస్టలుకు దుడ్లు కావల్ల కదమ్మా" అన్నాడు, అదేదో మామూలు సంగతైనట్టు.

ఆఫీసులోకి పరిగెత్తాను. ఆ అమ్మాయి సర్టిఫికెట్లు తిరిగివ్వండి, వేరే కోర్సులో చేరుతుంది అన్నాను. క్లర్కు నన్ను వింతగా చూశాడు. "ఒరిజినల్స్ కావాలంటే నాలుగేండ్ల ఫీజు కట్టాల కదా మేడం. మీకు తెలీందేముంది?" తెలుసు. ఎన్నో ఇళ్లలో ఆ ముక్క చెప్పకుండా దాటేసిన దాన్ని నేనే.

ఏడాది గడిచింది. ఆ పిల్ల బాగానే చదువుతోంది, అదే నాకు ఇంకా బాధ. లింగాల సంగతి మెకానికల్ సారు చెప్పినట్టున్నాడు, ఈ ఏప్రిల్ మీటింగులో ప్రిన్సిపాల్ నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. "మేడంలాగా నిజాయితీగా మాట్లాడండి. మైనస్‌లు కూడా చెప్పండి. పేరెంట్స్‌కు నమ్మకం కుదురుతుంది" అన్నాడు. మెకానికల్ సారు అందరికంటే గట్టిగా కొట్టాడు. నాకు మళ్లీ లింగాలే ఇచ్చారు.

ఈసారి ఏమైనా కానీ, మిగిలిపోయిన ఆ ఒక్క మాటా అనేయాలనుకుని పోయాను. జీతం పోతే పోయింది. గొర్లకాపరి మమ్మల్ని రోడ్డు మీదే చూసి, ఇంటికి తీసుకుపోయి అదే మంచం వాల్చాడు. దొడ్డి సగం ఖాళీగా ఉంది. సెలవులకు వచ్చిన ఆ పిల్ల మాకు మజ్జిగ తెచ్చింది. ఆయన పక్కింటాయన్ని కేకేసి పిలిచాడు. ఆ పక్కింటాయన కొడుకు ఈసారి ఇంటర్ పాసయ్యాడట.

నేను కూర్చోను కూడా లేదు. "అప్పా, మీ ఇద్దరికీ చెప్తున్నా. మా కాలేజీలో పిల్లల్ని చేర్చొద్దు. ఉద్యోగాలు రావు. ఐటీఐకి పంపండి. ఈ అమ్మాయిని చేర్చిందే పొరపాటు" అన్నాను. మెకానికల్ సారు కారు వైపు చూస్తున్నాడు.

గొర్లకాపరి తొడ చరిచి నవ్వాడు. "వింటివా మామా? నేను చెప్పలా? అబద్ధం అనేది ఈమె నోట రాదు!"

ఆయన కూతురు నవ్వలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని, నా వైపు చూడకుండా లోపలికి పోయింది. పక్కింటాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని మంచం అంచున సర్దుకుని కూర్చున్నాడు.

"ఫీజెంత మేడం?" అన్నాడు.