పసుపు రాసిన రాయి

మా నాచారం వీధి చివర అపార్ట్‌మెంట్ పునాదికి జేసీబీ తవ్వుతోంది. ఆ పచ్చి మట్టి వాసన నాకు పడదు.

ఇవన్నీ పంట చెలకలుగా ఉన్నప్పుడు మాదీ ఇక్కడే ఎక్కడో ఉండేది, నిండా రాళ్లతో. ఏరలేక నాన్న ఇనుప చువ్వలతో పెద్ద జల్లెడ తయారుచేసి, మామ ట్రాక్టర్ వెనక కట్టాడు. లాగుతుంటే మట్టి జారిపోయేది, రాళ్లు మిగిలేవి. ఆ రోజు నాన్న డీజిల్ కోసం ఉప్పల్ వెళ్తే మామ ఒక్కడే నడిపాడు.

అమ్మ సద్ది తెచ్చేసరికి పని అయిపోయింది.

"గట్టు కాడ గూడ తిప్పినవా?"

"ఒక్క రాయి లేదక్కా, మస్తు సాఫ్ జేసిన!"

అమ్మ రాళ్ల కుప్ప దగ్గర కూలబడి ఒక్కో రాయినీ తిప్పి చూసింది. గట్టు దగ్గర పండగలకు తను పసుపు రాసే రాయి కోసం. దాన్ని నేను పోచమ్మ అనుకునేదాన్ని. వానలకు పసుపు పోయి అన్నీ ఒకేలా ఉన్నాయి.

"పోచమ్మకు ఇంకోటి పెడదామమ్మా" అన్నాను.

"పోచమ్మ గాదు బిడ్డా. నీ చెల్లె."

పురిట్లోనే పోయిన పిల్లను నాన్న అక్కడ పూడ్చి, గుర్తుగా ఆ రాయి పెట్టాడట. చోటు తెలియక, ఆ తర్వాత అమ్మ చెలకలో ఎక్కడా చెప్పులతో అడుగు పెట్టలేదు.

ఇవాళ పునాది గుంత దగ్గర వాచ్‌మన్ అరిచాడు. "పెద్దమ్మా, గాజు పెంకులున్నయి, చెప్పులేసుకో!"

చెప్పులు చేత్తో పట్టుకునే ఇంటిదాకా నడిచాను.